రౌతు కొద్దీ గుఱ్ఱము

మన తెలుగువారికి గుఱ్ఱమును గూర్చి రెండు సామెతలు కలవు. “రౌతు కొద్దీ గుఱ్ఱము” అనునది మొదటిది. “రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడుకాళ్ల నడచును” అనునది రెండవది. ఈ రెండును ఒక్క నోటనే వెలువడుట మనము వినియున్నాము; కాని వీని తాత్పర్యములు పరస్పర విరుద్ధములు. మొదటిది గుఱ్ఱపు నడకలోని గుణదోషములకు రౌతునే బాధ్యుని చేయుచున్నది. రెండవది గుఱ్ఱము స్వభావముచేతనే సోమరి యనియు, దానిని సరిగా నడపింపగలది కాఠిన్య మొక్కటియే యనియు బోధించుచున్నది. మనుష్యుడు గుఱ్ఱము నోట కళ్లెము పెట్టిన నాటినుండి నేటివరకు జరిగిన వాదమంతయు ఈ రెండు సామెతల నడుమ జరిగిన వాదమే యనవచ్చును. ఆ వాదము మిక్కిలి స్పష్టముగా కనబడు తావు ఐరోపాఖండమున పుట్టి పెరిగిన అశ్వలంఘన క్రీడ. దానినే ఇంగ్లీషువారు షోజంపింగు అందురు.

ఈ క్రీడయొక్క నియమము సులభమైనది. మైదానమున వాసములు, గోడలు, నీటిగుంటలు మొదలగు అడ్డులను వరుసగా నిలుపుదురు. రౌతు వానినన్నింటిని తన గుఱ్ఱముచేత దాటింపవలెను. వాసము క్రిందపడినను, గుఱ్ఱము మొరాయించి నిలిచినను తప్పులు లెక్కింపబడును. తప్పులు తక్కువగా చేసినవాడు గెలుచును. ఈ క్రీడను చిరకాలమునుండి చూచుచున్న పెద్దలు పాశ్చాత్యదేశములలో నేడు తఱచుగా పలుకు మాట యొకటి కలదు. ఆ కాలపు గుఱ్ఱములు లేవనియు, ఆ కాలపు రౌతులు లేరనియు, నాడు సాదా కళ్లెముతోడను ఒక జీనుతోడను జరిగిన పనికి నేడు గుఱ్ఱము ముఖమంతయు పట్టీలు, కాళ్లన్నియు తొడుగులు కావలసి వచ్చినవనియు వారు చింతింతురు. పూర్వకాలమంతయు క్రౌర్యమయమనియు, గుఱ్ఱముయొక్క బాధను గుర్తించినవారము మేమే యనియు నవీనులు బదులు చెప్పుదురు. ఈ రెండు పక్షములలో సత్యమెంత కలదో విచారింతము.

ముందుగా పూర్వకాలమును ప్రశంసించువారి పక్షమున చెప్పవలసినది చెప్పెదను. వారి జ్ఞాపకములు వట్టి కల్పనలు కావు. 1949 ఫిబ్రవరి 5వ తేదీన చిలీదేశమున వీన్యా డెల్ మార్ పట్టణములో ఆల్బెర్టో లర్రాగీబెల్ అను సైనికాధికారి, హువాసో అను గుఱ్ఱముచేత 2 మీటర్ల 47 సెంటీమీటర్ల యెత్తు దాటించెను. ఆ కొలతను మించిన గుఱ్ఱము నేటివరకు పుట్టలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడల కడపటి దినమువరకు బ్రిటనువారికి ఒక్క స్వర్ణపతకమైనను లభింపలేదు. ఆ దినమున హ్యారీ లెవెల్లిన్, ఫాక్స్‌హంటర్ అను గుఱ్ఱమునెక్కి, రెండవ ఆవృత్తిలో ఒక్క తప్పునైనను చేయక తన జట్టునకు స్వర్ణమును సంపాదించి పెట్టెను. 1956లో స్టాక్‌హోము నగరమున జర్మనీ రౌతు హాన్స్ గుంటర్ వింక్లర్‌నకు మొదటి ఆవృత్తిలోనే గజ్జలయందలి కండరము చిరిగెను. అతడు జీనుపై నిలుకడగా కూర్చుండుటకే కష్టపడుచుండ, హల్లా అను ఆడుగుఱ్ఱము రెండవ ఆవృత్తిలో అన్ని అడ్డులను తప్పులేక దాటి, అతనికి రెండు స్వర్ణపతకములను తెచ్చియిచ్చెను. ఆ సంవత్సరమే ఒలింపిక్ అశ్వలంఘనమున స్త్రీలకు మొదటిసారిగా ప్రవేశము కలిగెను. బ్రిటిషు జట్టులోని పాట్ స్మైత్ కాంస్యమును గెలుచుకొనెను. అంతకు పూర్వము చాలకాలము ఆ క్రీడ ఎక్కువగా సైనికాధికారుల సొత్తుగా నుండెను.

ఆ కాలమున బీదగుఱ్ఱమునకును పేరు దొరకెడిది. 1956లో అమెరికాలో హ్యారీ డి లేయర్ అను ఉపాధ్యాయుడు, కసాయిశాలకు పోవుచున్న బండినుండి ఒక దుక్కిగుఱ్ఱమును 80 డాలర్లకు కొనెను. దానిని పొరుగువానికి అమ్మగా, అది కంచెలు దుమికి మరల మరల తన యింటికే వచ్చెను. అప్పుడుగాని దాని సామర్థ్యము అతనికి తెలియలేదు. స్నోమన్ అను పేరుగల ఆ గుఱ్ఱమే 1958లోను, 1959లోను న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విజేతయయ్యెను. 1968లో మెక్సికో ఒలింపిక్ క్రీడలలో మారియన్ కోక్స్ అను యువతి, స్ట్రోలర్ అను పొట్టి తట్టువుతో నిండుగుఱ్ఱములకు ఎదురు నిలిచి రజతపతకమును పొందెను. ఇంగ్లండులో డగ్లస్ బన్ 1960లో తెఱచిన హిక్‌స్టెడ్ మైదానమున 10 అడుగుల 6 అంగుళముల యెత్తుగల మట్టిదిబ్బ యొకటి కలదు. గుఱ్ఱము దానినెక్కి, నిట్టనిలువు వాలున జాఱి దిగవలెను. అట్టి పచ్చికనేలలు, దిబ్బలు, పొదలు తగ్గి, నేడు ఇసుకపఱచిన సమతలములును, తాకినంతనే పడు తేలికవాసములును, లక్షలకొలది డాలర్లు విలువచేయు గుఱ్ఱములును ఎక్కువైనవి. పెద్దలు చింతించుటలో ఆశ్చర్యమేమి?

అయినను ఈ కథలను విన్నప్పుడు ఒక సంగతి నా మనస్సునకు తోచుచుండును. ఇన్ని కథలలోను గుఱ్ఱము ఎంత యెత్తు దుమికినదో కలదు, ఎవరు గెలిచిరో కలదు; దాని నోటిలో ఏ యినుమున్నదో ఎవరును చెప్పరు. జ్ఞాపకమునకు సామగ్రి కనబడదు. ఇది పాశ్చాత్యులకే గల లోపము కాదు. నా బాల్యమున మా యూరి రైలుస్టేషను ముందు జట్కాబండ్లు నిలిచియుండెడివి. ఆ గుఱ్ఱముల మువ్వలచప్పుడు, వాని మెడలోని పూసలు, గడ్డివాసన నాకు నేటికిని జ్ఞాపకమున్నవి. వాని కన్నులకు ఇరుప్రక్కల తోలుగంతలు కట్టియుండెడివను సంగతి మాత్రము, పెద్దవాడనైన పిమ్మట ఒక పాతచిత్రమును చూచువరకు నాకు తట్టనే లేదు. గంతలు లేనిచో గుఱ్ఱము బెదరునని బండివాడు చెప్పెడివాడు. అది నిజమే కావచ్చును. కాని దానిని చూడకుండుటకు నేను అలవాటుపడితిని. ఆ గంతలు గుఱ్ఱమునకే కాదు, నాకును ఉండెను.

ఇక కళ్లెము సంగతి. గుఱ్ఱము ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లులేని చోటు కలదు. కళ్లెపు కడ్డీ అచ్చటనే నిలుచును. ఆ తావున దవడయెముకపై పలుచని పొర మాత్రమే యుండుటచేత స్వల్పమైన ఒత్తిడియు దానికి తెలియును. మెత్తని చేతికి అది మాటవలె పనిచేయును. మొరటుచేతికి అది ఆయుధమగును. కడ్డీకి ఇరుప్రక్కల పొడవైన చువ్వలుంచి, గడ్డముక్రింద గొలుసు బిగించినచో, తులాదండ న్యాయముచేత లాగిన బలము కొన్నిరెట్లగును. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకుదేశీయుడైన క్సెనొఫోను అశ్వవిద్యను గూర్చి గ్రంథము రచించుచు, రౌతునకు రెండు కళ్లెములుండవలెననియు, వానిలో ఒకటి నున్ననిదిగాను, రెండవది ముండ్లుగలదిగాను ఉండవలెననియు చెప్పెను. ముండ్లకళ్లెపు రుచి తెలిసిన గుఱ్ఱమునకు నున్ననిది ప్రియమగునని అతని యభిప్రాయము. కోపముతో గుఱ్ఱము దరికి పోరాదని ఉపదేశించినవాడును అతడే. మన రెండు సామెతలును ఆ యొక్క గ్రంథముననే ప్రక్కప్రక్కల కూర్చుండియున్నవి.

సామగ్రిని గూర్చి లోకము గట్టిగా చర్చించుట దుముకు గుఱ్ఱములతో గాక, బండిగుఱ్ఱములతో మొదలయ్యెను. పందొమ్మిదవ శతాబ్దియందు ఇంగ్లండులోని ధనికుల బండ్లకు కట్టిన గుఱ్ఱములకు ‘బేరింగ్ రెయిన్’ అను నిలుపుపగ్గమును బిగించుట వాడుక. అది గుఱ్ఱమును తల దింపనీయక మెడను పైకెత్తి పట్టును. చూపరులకు అది ఠీవి. గుఱ్ఱమునకు అది ఊపిరాడని బాధ. మిట్ట యెక్కునప్పుడు మెడ చాచి బరువు లాగుటకైనను దానికి వీలుండదు. 1875లో ఎడ్వర్డ్ ఫ్లవర్ ఈ యాచారమును ఖండించుచు ఒక చిన్నపుస్తకమును ప్రకటించెను. 1877లో అన్నా స్యూయెల్ ‘బ్లాక్ బ్యూటీ’ అను నవలను ప్రకటించెను. చిన్ననాడు కాలు దెబ్బతిని, జీవితమంతయు గుఱ్ఱపుబండిపై ఆధారపడిన స్త్రీ ఆమె. ఆ నవలలో కథను గుఱ్ఱమే చెప్పుకొనును. మఱుసటి సంవత్సరమే ఆమె మరణించెను. కాని ఆ పుస్తకము నిలిచి, ఆ పగ్గమును నిలువనీయలేదు. అంతవరకు నిలుపుపగ్గమును సమర్థించినవారు దుర్మార్గులు కారు. వారి తండ్రులును అట్లే కట్టిరి. కట్టనిచో బండికి అందము లేదని అందఱును తలచిరి. ఆచారమునకు ఇంతకంటె బలమైన పునాది ఎన్నడు కావలెను?

ఇప్పుడు దుముకు గుఱ్ఱముల సంగతికి వత్తము. పదునెనిమిదవ శతాబ్దియందు ఇంగ్లండులో ఉమ్మడిపొలములకు చుట్టును కంచెలు లేచినపిమ్మట, నక్కల వేటకు పోవువారికి దడులు దుముకుట తప్పనిసరియయ్యెను. వేటగుఱ్ఱముల సత్తాను పరీక్షించుటకై డబ్లిను నగరమున రాయల్ డబ్లిన్ సొసైటీవారు 1868లో ఎత్తుదుముకునకు, పొడవుదుముకునకు పోటీలు పెట్టిరి. షోజంపింగునకు అదియే ఆరంభమని పలువురు చెప్పుదురు. నాటి రౌతులు అడ్డు దాటునప్పుడు రికాబులపై కాళ్లు ముందునకు తన్ని, వెన్ను వెనుకకు వాల్చి, పగ్గములు పట్టుకొని వ్రేలాడెడివారు. గుఱ్ఱము ముందుకాళ్లపై దిగినచో అవి విఱుగుననియు, వెనుకకు వాలి దానిని కాపాడవలెననియు వారి నమ్మకము. గుఱ్ఱము దుముకునప్పుడు తక్కెడముల్లువలె మెడను ముందునకు చాచును. సరిగా ఆ క్షణముననే రౌతు బరువంతయు దాని నడుముపై పడెడిది. నోటిని పగ్గము వెనుకకు గుంజెడిది. గుఱ్ఱము దుమికిన ప్రతిసారియు దానికి శిక్షయే ఫలము. అందుచేత అది మొరాయించెడిది. మొరాయించుటచేత మఱింత కఠినమైన కళ్లెము వచ్చెడిది.

ఈ చక్రమును ఛేదించినవాడు ఇటలీదేశపు అశ్వసైనికుడు ఫెడెరికో కాప్రిల్లి. అతడు 1868లో, అనగా డబ్లిను పోటీలు మొదలైన సంవత్సరముననే జన్మించెను. రౌతు లేని గుఱ్ఱము స్వేచ్ఛగా ఎట్లు దుముకునో అతడు పరిశీలించెను. ఛాయాచిత్రములు తీయించి చూచెను. రౌతు ఎంత వెనుకకు వాలినను గుఱ్ఱము ముందుకాళ్లపైననే దిగునని తేలెను. తరములుగా గురువులు బోధించినదంతయు కంటిముందు అసత్యమయ్యెను. అప్పుడతడు రికాబులను పొట్టిచేసి, జీనునుండి కొంచెము లేచి, గుఱ్ఱముతోకూడ ముందునకు వంగి, చేతులను దాని నోటివెంట పోనిచ్చు పద్ధతిని నెలకొల్పెను. గుఱ్ఱమును రౌతునకు అనుగుణముగా వంచుటకు మాఱుగా రౌతు గుఱ్ఱమునకు అనుగుణముగా వంగుట ఇందలి మర్మము. పినెరోలో, టోర్ డి క్వింటో అను అశ్వసైనిక పాఠశాలలలో ఈ పద్ధతి ప్రతిష్ఠితమయ్యెను. అన్యదేశముల సైనికాధికారులు వచ్చి నేర్చుకొని పోయిరి. కాప్రిల్లి 1907లో గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. అతడు వ్రాసినది స్వల్పము. అయినను నేడు లోకమున అడ్డు దాటు ప్రతి రౌతును అతని శిష్యుడే.

పూర్వకాలమును ప్రశంసించువారు ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. 1950 ప్రాంతపు రౌతులలో వారు మెచ్చుకొను ఆ సుందరమైన ఆసనము సనాతనాచారము కాదు. అది ఆచారమును ధిక్కరించినవాని కానుక. వారి తాతలనాటి గురువులు దానిని చూచి నవ్వియుందురు. నేటి పూర్వాచారము నిన్నటి సంస్కారమే యని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము నాకు దొరకలేదు.

ఆ స్వర్ణయుగమునకు నీడయు కలదు. గుఱ్ఱము దుముకునప్పుడు వాసమును పైకెత్తి దాని కాళ్లకు కొట్టి, మఱునాడు కాళ్లను ఇంకను పైకి ముడుచుకొనునట్లు చేయుట చాలకాలము శిక్షణశాలలలో రహస్యముగను, కొన్ని తావుల బహిరంగముగను సాగిన పని. 1990లో జర్మనీలో అట్టి శిక్షణను చూపు చలనచిత్రము బయటపడగా దేశమంతయు కలవరపడెను. అట్లని పాపమంతయు పూర్వులపై మోపి నవీనులు చేతులు కడుగుకొనుటకు వీలులేదు. 2008లో ఒలింపిక్ అశ్వలంఘనమున పాల్గొన్న కొన్ని గుఱ్ఱముల పరీక్షలలో కాప్సైసిన్ అను పదార్థము కనబడెను. అది మన మిరపకాయకు కారము నిచ్చు పదార్థమే. నొప్పి తగ్గించు మందుగా వాడదగినదే యైనను, చర్మమునకు పూసినచో వాసము తాకినంతనే కాలు మండునట్లు చేయగలదు. ఆ గుఱ్ఱములు పోటీనుండి తొలగింపబడెను. నార్వే జట్టు తాను పొందిన కాంస్యపతకమును పోగొట్టుకొనెను. వాసముతో కొట్టిన చేయియు, మిరపకారము పూయగల చేయియు ఒక్కటే. కాలము మాఱినంతమాత్రమున ఆ చేయి మాఱదు; దానిని చూచు కన్ను మాఱవలెను.

ఆ కన్ను క్రమముగా తెఱచుకొనుచున్నదనుటకు నిబంధనలే సాక్ష్యము. 1921లో ఏర్పడిన అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిబంధనలలో నేడు పోటీ మైదానమున కన్నులకు గంతలు నిషిద్ధములు; తలను క్రిందికి లాగిపట్టు జాఱుపగ్గములు నిషిద్ధములు; గుఱ్ఱము కాలికి కట్టు సామగ్రి బరువు 500 గ్రాములు మించరాదు. వెనుకకాళ్లను నొక్కి వానిని అస్వాభావికముగా పైకి ఎగురవేయించు బిగుతు తొడుగులను క్రమక్రమముగా తొలగించుచు, 2021 నాటికి అన్ని అంతర్జాతీయ పోటీలలోను వర్జించిరి. 2022లో గుఱ్ఱముల క్షేమమును, ఈ క్రీడయొక్క ధర్మాధర్మములను విచారించుటకు ప్రత్యేక సంఘమును నియమించిరి.

ఈ నిబంధనలలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ముక్కుపట్టీని గూర్చినది. కళ్లెము బాధించినప్పుడు గుఱ్ఱము నోరు తెఱచును. దవడను ప్రక్కకు త్రిప్పును. అట్లు చేయనీయకుండుటకై ముక్కుచుట్టును పట్టీని బిగింతురు. కళ్లెము ఆజ్ఞను చేరవేయునది. బిగించిన ముక్కుపట్టీ ఆక్షేపణను మూసివేయునది. ఈ రెండింటికిని ఎంతయో భేదము కలదు. పట్టీకిని ముక్కునకును నడుమ రెండువ్రేళ్లు పట్టవలెనని పూర్వపు అశ్వవిద్యాగ్రంథములు బోధించుచుండెను. అది ఎంతవరకు ఆచరణలో నున్నదో చూడవలెనని పరిశోధకులు ఐర్లండు, ఇంగ్లండు, బెల్జియము దేశముల పోటీలలో 750 గుఱ్ఱములను పరీక్షించి, 2017లో ఫలితములను ప్రకటించిరి. అవి ఎక్కువగా అశ్వలంఘనమునకు సోదరములైన యితర పోటీలలోని గుఱ్ఱములు. వానిలో రెండువ్రేళ్ల యెడము ఉన్నవి నూటికి 7 మాత్రమే; ఒక్క వ్రేలైనను దూఱనివి నూటికి 44. ఇప్పుడు ఆ సమాఖ్య 2025 నుండి ముక్కుపట్టీ బిగువును కొలుచుటకు ఒక చిన్న పరికరమును వాడుకలోనికి తెచ్చినది. అది దూఱనిచో పట్టీని వదులు చేయవలెను.

ఇందలి వింతను చూడుడు. ఈ క్రొత్త పరికరము నెలకొల్పినది క్రొత్త ధర్మము కాదు, మఱచిపోయిన పాతధర్మమునే. ఈ విషయమున వృద్ధులు చెప్పినది సత్యము: ముఖమునిండ పట్టీలు పెరిగినవి, చేతినేర్పు తఱిగినది. నవీనులు చెప్పినదియు సత్యము: గుఱ్ఱము బాధపడుచున్నది, దానిని కొలిచి చూపవలెను. ఇరువురును కలిసికొనవలసిన చోటు ఆ రెండువ్రేళ్ల సందు.

ఇది క్రీడాభిమానుల వినోదవాదము మాత్రమే యని తలపరాదు. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఆధునిక పెంటథ్లాన్ అను అయిదంగముల పోటీలో ఒక గుఱ్ఱము బెదరి అడ్డులను దాటనొల్లకున్నది. రౌతు ఏడ్చుచు కొరడాతో కొట్టుట, శిక్షకురాలు పిడికిటితో పొడుచుట లోకమంతయు చూచెను. ఫలితముగా 2024 పారిస్ క్రీడల తరువాత ఆ పోటీలో అశ్వారోహణమే తొలగింపబడినది. షోజంపింగు ఒలింపిక్ క్రీడలలో నిలిచియున్నది. ఎంతకాలము నిలుచుననునది నేడు ఆ గుఱ్ఱముల ముఖములపై ఆధారపడియున్నది. తన్ను తాను సంస్కరించుకొననొల్లని యాచారమును లోకము సంస్కరింపదు, త్రోసివేయును.

నేను బడిపంతులను. నా చిన్ననాట మా బడిలో బెత్తముండెడిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలురను కొట్టుటను నిషేధించినది. అయినను ఆ కాలపు చదువులు లేవనియు, బెత్తము పోయినపిమ్మట భయము భక్తి పోయినవనియు మా తరమువారు చెప్పుకొనుట నేను తఱచుగా వినుచుందును; నేనును కొన్నిమారులు అట్లే చెప్పితిని. మా గురువులలో కొందఱు నిజముగా గొప్పవారు. కాని వారి గొప్పతనము బెత్తములో నుండెనా, బెత్తము వారి చేతిలో నున్నను చదువు చెప్పగలిగిరా యని నేను అడుగుకొనలేదు. నా తరగతి నిశ్శబ్దముగా నున్న దినమున పిల్లలకు పాఠము తెలిసినదనియే తలచుచుంటిని. ఇండ్లలోను ఇంతే. ఎదురుచెప్పని కోడలు సుఖముగా నున్నదని అత్తమామలు తలచిన కాలము ఎంతో దూరము పోలేదు. నోరు మెదపకుండుట సమ్మతి కావచ్చును. పట్టీ బిగిసియుండుటయు కావచ్చును. ఏది యగునో తెలియవలెనన్నచో పట్టీని వదులుచేసి చూడవలసినదే గాని వేఱు మార్గము లేదు.

కావున “రౌతు మెత్తనైన” అను సామెతను ఇక మనము పలుకుట మానవచ్చును. మెత్తనైన రౌతును మోయుచు, అతని కండరము చిరిగినవేళ, అతడు లాగకున్నను, కొట్టకున్నను, హల్లా మూడుకాళ్ల నడువలేదు. నాలుగుకాళ్లతో దుమికినది.